సున్న వేసిన చెయ్యి ఎవరిది?

2024 సెప్టెంబరులో విడుదలైన ‘35 - చిన్న కథ కాదు’ చిత్రాన్ని మెచ్చుకోని ఉపాధ్యాయుడు అరుదు. నరకడాలూ పొడవడాలూ లేవు. తిరుపతిలో ఒక బస్సు కండక్టరు ఇల్లు, ఒక బడి, లెక్కలు రాని ఒక పిల్లవాడు, ఇంతే వస్తువు. ఈ కొద్దిపాటి వస్తువుతో దర్శకుడు నందకిశోర్ ఈమాని రెండున్నర గంటలసేపు మనల్ని కూర్చోబెట్టాడు. తల్లి పాత్ర ధరించిన నివేదా థామస్‌కు తెలంగాణ ప్రభుత్వ గద్దర్ పురస్కారం లభించింది. అది సముచితమే. అయితే కన్నీళ్ళు తుడుచుకున్న తర్వాత ఆలోచించడం కూడా ప్రేక్షకుడి బాధ్యతే.

కథ తెలిసిందే. అరుణ్‌కు లెక్కలు రావు. అందుకు కారణం మొద్దుతనం కాదు, ప్రశ్న. ఒంటరిగా వున్నప్పుడు విలువలేని సున్న, ఒకటి పక్కన చేరగానే పది ఎలా అయింది? జవాబు చెప్పవలసిన లెక్కల మాస్టారు చాణక్యవర్మ, అడిగిన పిల్లవాడికే ‘జీరో’ అని పేరు పెడతాడు. అరుణ్ తరగతిలో నవ్వులపాలవుతాడు. 35 మార్కులు తెచ్చుకుంటేనే బడిలో నిలిచే స్థితి వస్తుంది. అప్పుడు పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి, తాను లెక్కలు నేర్చుకుని కొడుక్కి నేర్పుతుంది. పిల్లవాడు గట్టెక్కుతాడు, తాను సున్న కానని తెలుసుకుంటాడు.

ఇక్కడే మన పేచీ. అవమానం బడిలో జరిగింది, వైద్యం వంటింట్లో జరిగింది. గాయం చేసినవాడు జీతం తీసుకునే ఉద్యోగి. దాన్ని మాన్పే చాకిరీ మాత్రం జీతం లేని ఆడమనిషి నెత్తిన పడింది. మాస్టారి మనసు కరిగిందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అలా చేసినవారిపై క్రమశిక్షణ చర్య తీసుకోవాలన్నది. ఎనిమిదో తరగతి దాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి వెళ్ళగొట్టరాదని 16వ సెక్షన్ చెబుతుంది. అంటే అరుణ్ బడిలో నిలవడానికి 35 మార్కులు అక్కరలేదు, అది అతని హక్కు. చిత్రం మాత్రం తన బరువంతా తల్లి దీక్ష మీదే వేసి, హక్కును బహుమతిగా మార్చివేసింది.

ఈ సున్న ఇవాళ పుట్టింది కాదు. దాని చరిత్ర వెతకడానికి మా గుత్తి దాటి పోనవసరం లేదు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా గుత్తి బళ్ళారి జిల్లాలో వుండేది. 1827లో పత్తికొండ దగ్గర మరణించి మొదట గుత్తిలోనే సమాధి అయిన గవర్నరు థామస్ మన్రో, 1822లో దేశీయ పాఠశాలల లెక్క తీయించాడు. దానికి బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఒక ముక్క వుంది. పొద్దున్నే అందరికంటే ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో ‘సరస్వతి’ అని రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు అని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ.

సరస్వతి, సున్న! చిత్రంలోని తల్లీకొడుకుల పేర్లు రెండువందల ఏళ్ళ కిందటే మన పిల్లల అరచేతుల్లో వున్నాయి. ఆ నివేదికను దర్శకుడు చదివాడో లేదో మనకనవసరం. సరస్వతిని రాసిన చెయ్యే సున్ననూ రాసిందన్నది ముఖ్యం.

ముందుగా బడికి చేరగల తీరిక ఎవరికి వుంటుంది? దీనికి జవాబు కూడా ఆ నివేదికలోనే వుంది. 9,27,857 జనాభా వున్న జిల్లాలో 533 బళ్ళు, 6,641 మంది విద్యార్థులు; వారిలో ఆడపిల్లలు 60 మంది. చదువు ఇలా క్షీణించడానికి కారణం దేశంలో పెరిగిన దరిద్రమేనని, ఇంగ్లండు బట్టలు వచ్చి నేతపనిని దెబ్బతీశాయని, చేతులు కాస్త పనికి రాగానే పిల్లల్ని తల్లిదండ్రులు పనిలో పెట్టవలసి వస్తున్నదని కంపెనీ కలెక్టరే ఒప్పుకున్నాడు. పరాయి ప్రభుత్వోద్యోగి 1823లో చూడగలిగిన ఆర్థిక కారణాన్ని మన దర్శకులు ఇవాళ చూడకపోవడం ఏమనుకోవాలి?

“పిల్లవాడికి ఆత్మవిశ్వాసం వద్దంటారా?” అని కొందరు మిత్రులు అడుగుతారు. ఎవరు వద్దన్నారు? తలవంచుకున్నవాడు తిరగబడలేడు. కాని నిన్ను నువ్వు అంగీకరించుకో అనే బోధ, నిన్ను నవ్వులపాలు చేసిన ఏర్పాటును కూడా అంగీకరించు అనే దాకా పోతే అది ఓదార్పు కాదు, లొంగుబాటు. వాన ముఖం చాటేసి వేరుశెనగ ఎండిపోయిన ఏడు, మా పల్లెల్లో ఎన్నో కుటుంబాలు తాళం వేసి బెంగుళూరు పోతాయి. నెలల తరబడి అక్కడే వుండి వచ్చిన పిల్లవాడి కాగితం మీద సున్న పడుతుంది. దాన్ని తన లోపంగా ఒప్పుకొమ్మనడం, కరువును అతని ఖాతాలో రాయడమే. అతనికి పాఠం చెప్పడానికి ఇంట్లో సరస్వతి వుండదు. ఆమె బేల్దారి పనిలో ఇటుకలు మోస్తూ వుంటుంది.

నిజానికి చిత్రానికి తన జవాబు తన మొదటి ప్రశ్నలోనే దొరికింది. సున్నకు విలువనిచ్చేది దాని గుణం కాదు, దాని స్థానం. మరి ఆ స్థానాన్ని నిర్ణయించేదెవరు? మార్కుల వరసన పిల్లల్ని సెక్షన్లుగా చీల్చే యాజమాన్యాలు, చదువును సరుకు చేసిన కార్పొరేట్ కాలేజీలు, వాటిని అనుకరించే మనం. ఆ ప్రశ్న వేసిన పిల్లవాణ్ణి చివరకు 35 అనే అంకె దగ్గరే నిలబెట్టి, వాడు గెలిచాడని చిత్రం మనల్ని నమ్మిస్తుంది. గెలిచింది పిల్లవాడు కాదు, అంకె.

కనుక ఉపాధ్యాయ మిత్రులు ఈ చిత్రాన్ని విద్యార్థులకు చూపించాలి. చూపించి, 17వ సెక్షన్ చదివి వినిపించాలి. మార్కుల్నిబట్టి పేర్లు పెట్టడం, ర్యాంకుల జాబితాలు గోడకెక్కించడం మన బళ్ళలో మనమే ఆపాలి. ఆపకపోతే అడిగే పని విద్యార్థి సంఘాలది. వలస పోయి వచ్చిన పిల్లలకు విడిచిన పాఠాలు చెప్పించే ఏర్పాటును ప్రభుత్వం దగ్గర పట్టుబట్టి సాధించుకోవాలి. పిల్లవాడు తాను సున్న కానని నమ్మడం మంచిదే. వాడి చేతిలో సున్న రాసే హక్కు ఎవరికీ లేదని మనం నమ్మడం అంతకంటే అవసరం.