పోలిక లేని పటం

వేములపల్లిలో మా విద్యార్థి ఒకని నాయనమ్మ ఆమధ్య కాలధర్మం చెందింది. పెద్దకర్మనాడు పరామర్శకు వెళ్ళాను. పూలదండ వేసిన పటంలో తెల్లని, నున్నని ముఖం ఒకటి ఉన్నది. ముడుతలు లేవు. చుబుకంమీది పచ్చబొట్టు లేదు. సాగరు ఎడమ కాలువ క్రింద ఏండ్ల తరబడి నాట్లు వేసి ఎండకు కమిలిన ఆ మేనిచాయ లేనే లేదు. మనుమడు నా ప్రక్కకు వచ్చి, “మా నాయనమ్మ లెక్క లేదు సార్” అన్నాడు.

ఏదో పెండ్లికి బట్టలు కొనబోయినప్పుడు, దగ్గరి పట్టణంలోని ఒక షాపింగు మాలులో తీయించిన పటమట అది. ఆమెకు ఉన్నది అదొక్కటే. ఆ బాలుని మాటకు మించిన విమర్శ నేను చేయలేను.

ఛాయాచిత్రానికి మొదటి ధర్మం పోలిక; అందం ఆ తరువాతిది. నేడు మాలులలోని స్టూడియోలలో తరచు జరిగేది దీనికి విరుద్ధం. ముఖానికి ఎదురుగా తీక్ష్ణమైన దీపాలు వెలిగించి నీడలను పోగొడతారు. నీడతోపాటు ముక్కుతీరు, కనుగుంటలు, చెక్కిళ్ళ ఎత్తుపల్లాలు పోతాయి. మిగిలిన గీతలను కంప్యూటరు తుడిచివేస్తుంది. చివరకు ఊరివారందరూ ఒక తల్లి బిడ్డలవలె కనబడతారు.

వ్యాపారమన్నాక ఇంతే అందామా? రాజా దీన్ దయాళ్ చేసినదీ వ్యాపారమే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆయన సికిందరాబాదులో స్టూడియో నడిపాడు. ఘోషా స్త్రీలకోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరచి, దానిని కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. గాజుపలకలకు మెరుగులు దిద్దడం ఆ కాలంలోనూ ఉన్నది. కాని ఆయన చిత్రాలలో ఒకరి ముఖం మరొకరిది కాదు.

తెల్లదనాన్ని కొలబద్దగా పెట్టుకొన్నది మనమొక్కరమే కాదు. రంగులు సరిచూచుకొనేందుకు కొడాక్ కంపెనీ ముద్రణశాలలకు పంపిన పటాలలో చాలాకాలం తెల్లజాతి యువతి ముఖమే ఉండేది. వాటికి షర్లీ కార్డులని పేరు. ఆ కొలతకు ఒదగక నల్లని ముఖాలు తమ రూపురేఖలు కోల్పోయేవి. నాడు మనల్ని తలచని కొలత చేసిన అపచారాన్ని నేడు మనమే డబ్బిచ్చి చేయించుకొంటున్నాము.

తప్పంతా ఫోటోగ్రాఫరుదని అనను. అద్దె హెచ్చు, వ్యవధి తక్కువ. పైగా “కొంచెం తెల్లగా చేయండి” అని అడిగేది మనమే. అడిగే నోరు మారనిదే చేసే చేయి మారదు.

ఆ మార్పు బడిలో మొదలుకావాలి. గుర్తింపు కార్డులో ముఖం నల్లగా పడిందని తోటివాడు నవ్వితే, ఉపాధ్యాయుడు పాఠం ఆపి అయినా వారించాలి. విద్యార్థులారా! ఈ సెలవులలో మీ ఇంటి పెద్దలను ఉదయంపూట కిటికీ ప్రక్కన కూర్చోబెట్టి, వెలుతురు ఒక చెంపమీదుగా పడేటట్లు చూచి, చేతిలోని ఫోనుతోనే ఒక పటం తీయండి. మెరుగులు దిద్దకండి. మాలుకు వెళితే, రంగు మార్చవద్దని, పచ్చబొట్టు చెరపవద్దని ముందే చెప్పండి.

రేపు గోడమీద మిగిలేది ఆ పటమే. దానిని చూచి మీ పిల్లలు “ఈమె ఎవరు?” అని అడగరాదు.