పిండిది తప్పు కాదు

సంక్రాంతి ముందు మరిపెడలో ఏ వాడకు పోయినా నువ్వులు, వాము, కాగిన నూనె కలిసిన వాసన వస్తుంది. మధ్యలో ఎక్కడో ‘ఫట్’మని చప్పుడు, వెంటనే ఓ అరుపు. సకినం పేలింది. ఇక ఇంటిల్లిపాదీ కలిసి పిండిని తిడతారు. బియ్యం సరిగ్గా నానలేదని ఒకరు, జల్లెడ పట్టలేదని ఒకరు, గిర్నీవాడు బరకగా పట్టాడని ఇంకొకరు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు, పలుకులుంటే పేలుతుంది. కానీ చాలాసార్లు జరిగేది అంతకంటే చిన్న సంగతి. బట్ట మీద చుట్టిన సకినం ఆరకముందే మూకుట్లో పడింది.

కాగిన నూనెలో పైపొర క్షణాల్లో గట్టిపడుతుంది. లోపలున్న తడికి బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. దారి లేని ఆవిరి సకినాన్ని చీల్చుకుని వస్తుంది, వస్తూ వస్తూ నూనెను ముఖం మీదికి తెస్తుంది.

మా కాలంలో ఇన్ని పేలేవి కావని పెద్దవాళ్లంటారు. ఆ మాట నేను నమ్ముతాను. అప్పటి బియ్యం గొప్పవని వాళ్లు చెప్పే కారణాన్ని మాత్రం నమ్మను. అప్పుడు ఒకరింట్లో సకినాలంటే వాడకట్టంతా వచ్చి కూర్చునేది. నలుగురు చుట్టేవాళ్లు, ఒకరు గోలించేవాళ్లు. దుప్పటి నిండేసరికి మొదట చుట్టినవి ఆరిపోయేవి. దానికోసం ఎవరూ గడియారం చూడలేదు. ముచ్చట్లలోనే ఆ సమయం గడిచిపోయేది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక్క మనిషే చుట్టాలి, ఆమే గోలించాలి. రాత్రి పదింటికల్లా ముగించాలి, తెల్లారితే మిర్చి ఏరబోవాలి.

మన దగ్గర పండుగ, మిర్చి ఏరుడు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. చీకటితోనే ఆటో వచ్చి తండా మొదట్లో హారన్ కొడుతుంది. అది దాటిపోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఈలోపు అన్నం, పప్పు, పిల్లల బడి డబ్బా, తన సద్ది అన్నీ కావాలి. కుక్కర్‌తో పేచీ సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

పప్పును నానబెట్టే తీరిక లేదు. రెండుసార్లు వండే పని తప్పుతుందని కుక్కర్‌ను నిండా నింపుతారు. పప్పు సగానికి మించితే నురగ పొంగి, విజిల్ కూర్చునే గొట్టంలోకి ఎక్కుతుంది. ఎండిన పప్పుతెట్టు అందులో గట్టిగా పట్టేస్తుంది. విజిల్ రాలేదేమని మంట పెంచుతారు. విజిల్ వచ్చిందా, చెంచాతో దాన్ని పైకెత్తి ఆవిరి తీస్తారు. పసుపు నీళ్లు గోడమీదికి చిమ్ముతాయి. ఇంకా తొందరైతే పిడినే బలవంతంగా తిప్పుతారు. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్‌లో ఆ వేడి దాదాపు 120 దాకా పోతుంది. మూత ఊడగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలి పప్పంతా ఒకేసారి మరిగి పైకి లేస్తుంది. ఎదురుగా ఉన్నది ఆమె ముఖం, మెడ, చేతులు.

కుక్కర్‌లో ఆవిరితో ప్రమాదమన్న సంగతి ఇప్పుడు తెలిసింది కాదు. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో తొలి ప్రెషర్ కుక్కర్ అనదగ్గ పాత్రను చూపించాడు. ఆవిరి మితిమీరితే బయటికి పోయేందుకు సేఫ్టీ వాల్వు కూడా ఆయనే కనిపెట్టాడు. ఇక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చాక గ్యాస్ పొయ్యి ఊళ్లలోకి నడిచొచ్చింది. మంట వేగం పెరిగింది. ఆవిరి దిగే సమయం మాత్రం తగ్గలేదు.

కాలిన తర్వాత కూడా తొందరే. టూత్‌పేస్టు, పసుపు, ఏది చేతికందితే అది పూస్తారు. అవేవీ వద్దు. గాజులు, ఉంగరాలు తీసేసి, నల్లా కింద చల్లటి నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి, ఐసు పెట్టొద్దు. ముఖం కాలినా, పెద్ద బొబ్బలొచ్చినా ఆస్పత్రికి పోవాల్సిందే. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు చల్లొద్దు. పొయ్యి ఆపి, పళ్లెం మూసేయాలి. గ్యాస్ వాసనొస్తే రెగ్యులేటర్ బంద్ చేసి, తలుపులు తెరిచి, స్విచ్ ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి.

ఇవన్నీ చెప్పి ఆడవాళ్లకు నిదానం నేర్పాలని చాలామంది చూస్తుంటారు. నాకది సబబుగా అనిపించదు. ఆమెకు నిదానం తెలియక కాదు, ఆమె చేతిలో సమయం లేదు. ‘ఇంకా కాలేదా’ అని ముందు గదిలోంచి కేకేసే మనిషి చేతులు ఆ పూట ఖాళీగానే ఉంటాయి. ఆ చేతులే వాకిలి ఊడ్చి, పిల్లల డబ్బా కట్టి, నీళ్లు పడితే కుక్కర్‌కు కావలసిన పది నిమిషాలు అక్కడే దొరుకుతాయి.

రైతులకు, మేస్త్రీలకు, ఆటో అన్నలకు ఓ మనవి. రేపు ఎన్నింటికి వస్తారో ముందురోజు సాయంత్రమే చెప్పండి, చెప్పిన టైంకన్నా ముందు హారన్ కొట్టకండి. పావుగంట ఆలస్యమైతే చెట్టుమీది మిరపకాయ ఎక్కడికీ పోదు.