రీలు కెమెరానా, ఫోనా?



పదో తరగతి గ్రూప్ ఫోటో ఎట్ల తియ్యాలన్నదాని మీద మన హాస్టల్లో పది రోజుల నుంచి రెండు పార్టీలైనయి. లెక్కల సార్ తన పాత రీలు కెమెరా ఇస్తానన్నారు. దాంతో తీస్తేనే ఫోటో కలకాలం ఉంటుందని ఒక పార్టీ. ఈ కాలంలో రీలేంది, వార్డెన్ సార్ ఫోన్‌లో తీస్తే అయిపాయె అని ఇంకో పార్టీ. నాకైతే ఇద్దరూ అసలు సంగతి వదిలేసిండ్రనిపిస్తుంది.

రీలు గొప్పదే, కాదనను. ఫిల్ము మీద వెండి లవణాల పూత ఉంటుంది. వెలుతురు తగిలిన చోట అది మారుతుంది. చీకట్లో మందు నీళ్లలో కడిగితే నెగెటివ్ వస్తుంది. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే చాలు, బొమ్మ కనపడుతుంది. ఏ మిషనూ అక్కర లేదు. రీలు పార్టీ వాళ్లు చూపే ఉదాహరణ కూడా మంచిదే. హైమన్‌డార్ఫ్ దొర 1940లలో మన ఆదిలాబాద్ గోండు గూడేల్లో తీసిన ఫోటోలు 80 ఏళ్లయినా ఉన్నయి.

ఉన్నయి సరే, ఎక్కడున్నయి? లండన్‌లో, సోయాస్ అనే విద్యాసంస్థలో. మా ఇంట్లో ఒక్కటీ లేదు, మా గూడెంలో ఎవరింట్లోనూ చూడలేదు. మనం చూసింది సోషల్ సార్ కంప్యూటర్‌లోనే. అంటే ఆ రీలు ఫోటోలను మన దాకా తెచ్చింది డిజిటలే కదా!

పైగా రీలుకు 36 ఫోటోలే. కళ్లు మూసినోడు మూసినట్టే పడతాడు, కడిగేదాక తెల్వదు. మన దగ్గరి స్టూడియోల్లో కడగడం ఎప్పుడో బంద్ చేసిండ్రు. ఒక తమాషా ఏందంటే 1975లో డిజిటల్ కెమెరా తయారుచేసింది రీళ్లమ్మే కొడాక్ కంపెనీ ఇంజనీరే, పేరు స్టీవెన్ సాసన్. అదే కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసింది.

కాబట్టి నా ఓటు ఫోన్‌కే. కానీ "ఫోన్‌లో ఉంటే చాలు" అన్న మాట ఒప్పుకోను. ఎవరి ఫోన్‌లో? మనకు హాస్టల్లో ఫోన్లు లేవు. పోయిన యేడు సీనియర్ల ఫోటో ఒక సార్ ఫోన్‌లో ఉండె. ఆయన బదిలీ మీద పోయిండు, ఫోన్ కూడా మార్చిండు. ఇప్పుడు ఆ ఫోటో ఆ అన్నల దగ్గర ఒక్కరికీ లేదు.

ఇంకోటి. మొఖాలు తెల్లగ చేసే ఆ బ్యూటీ ఆప్షన్ తీసేసి తియ్యాలి. మన రంగు మనకుండనీ. (రీలు కూడ తక్కువ తినలేదు. కొడాక్ వాళ్లు రంగులు సరిచూసుకునే 'షెర్లీ' కార్డుల మీద ఏండ్ల తరబడి తెల్ల అమ్మాయిలే ఉండేది.)

వార్డెన్ సారుకు మా మనవి. ఫోన్‌తోనే తియ్యండి, పది సార్లు తియ్యండి. అందులో మంచిది ఒకటి చూసి స్టూడియోలో తలా ఒక కాపీ వేయించండి. వెనక పేర్లు, ఊర్లు, సంవత్సరం మేమే రాసుకుంటం. ఒక కాపీ రిజిస్టర్లు పెట్టే బీరువాలో ఉండాలి. నా వంతు పైసలు కాస్మెటిక్ చార్జీల నుంచి ఇస్త. ఇయ్యలేనోళ్ల సంగతి ఏం చేద్దామో ఆదివారం మీటింగుల మాట్లాడుకుందాం.

– పదో తరగతి విద్యార్థి