ఆ బడి పగ్గాలు వర్తకుల చేతికిచ్చారు



గత సంచికలో ఇంగ్లండు పాత గ్రామర్ స్కూళ్ల మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాటి పెత్తనమంతా చర్చిదేనన్న మాట మాత్రం ఒప్పుకోలేను. లండన్‌లోని సెయింట్ పాల్స్ స్కూలు సంగతే చూడండి. 1509లో దాన్ని నెలకొల్పిన జాన్ కోలెట్ స్వయానా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌కు డీన్. అయినా సొంత ఆస్తి పెట్టి కట్టిన బడిని తోటి మతాధికారులకు వదల్లేదు, మెర్సర్స్ కంపెనీ అనే బట్టల వర్తకుల సంఘానికి అప్పగించాడు. ఆలుబిడ్డలున్న సంసారుల్లోనే నిజాయితీ ఎక్కువని ఆయన నమ్మకం. ఆ రోజుల్లో అది ఎంత తెగువ! అలాంటి మనిషి పేరైనా వ్యాసంలో లేకపోవడం నాకు బాధ కలిగించింది.

153 మంది పిల్లలకు ఫీజు లేకుండా చదువు చెప్పాలన్నది ఆయన నియమం. ఏ దేశం పిల్లవాడైనా చేరవచ్చు. పొడవాటి గదిని తెరలతో విడదీసి, తరగతికి 16 మందిని కూర్చోబెట్టేవారు. అందరికంటే బాగా చదివేవాడి ఆసనం కాస్త ఎత్తుగా ఉండేది. చేరినప్పుడు పేరు రాసినందుకు ఒక్కసారి నాలుగు పెన్నీలు కట్టాలి. ఆ డబ్బు బడి ఊడ్చే పేద విద్యార్థికే దక్కేది. అయితే దీపానికి మైనపు వత్తులే తెచ్చుకోవాలి, చవకగా దొరికే పశువుల కొవ్వు వత్తులు పనికిరావు. పేదింటికి అది బరువే, కాదనను.

ఆంగ్ల కవి మిల్టన్ చదివింది ఇక్కడే. మెర్సర్స్ కంపెనీకి ఆ బడితో ఈనాటికీ సంబంధం ఉంది. వ్యాసం పుస్తకంగా వేసేటప్పుడైనా ఈ సంగతులు చేర్చాలని మనవి.

— ఒక పాఠకుడు, తెనాలి