గోడ మీది నీటి గీత

పార్కింగ్ గోడలకు కొత్తగా రంగు వేశారు. వాచ్‌మన్ భార్య చేతిలోని బకెట్టు కింద పెట్టి, తన నడుము ఎత్తున గోడకు అరచెయ్యి ఆనించి చూపించింది. "గిక్కడి దాంక వచ్చినయ్ సార్ నీళ్లు. బండ్లన్ని తీస్కపోయి మెయిన్ రోడ్డు మీద పెట్టిన్రు."

వంగి చూశాను. రంగు కింద గోడ పొడవునా సన్నటి గీత ఉంది. గీత పైన గచ్చు గట్టిగా ఉంది, కింద ఉబ్బి ఉంది. గోరు ఆనిస్తే సుద్దలా రాలింది. కరెంటు మీటర్ల బోర్డు తల ఎత్తుకు పైన, కొత్తగా బిగించి ఉంది. పాత బోర్డు తీసేసిన చోట, దానికి మూడడుగుల కింద, నాలుగు స్క్రూల గుంతలు అలాగే మిగిలాయి. ఆ నాలుగు గుంతల్ని చూశాక వాచ్‌మన్ భార్య మాట మీద నాకు ఇంకే సందేహమూ లేకపోయింది.

మా అక్క కొడుకు ఆ అపార్ట్‌మెంట్‌లో తను కొనాలనుకున్న ఫ్లాటును అప్పటికే మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ లిఫ్టెక్కి నేరుగా నాలుగో అంతస్తుకు వెళ్లి, వంటగది గట్టు, గాలీ వెలుతురూ, దిక్కులూ చూసుకొని దిగొచ్చాడు. "మనది నాలుగో ఫ్లోరు కదా మామయ్యా, అంతదాకా నీళ్లెందుకొస్తాయి?" అన్నాడు. రావు. కానీ కింద నడుము లోతు నీళ్లు నిలిస్తే లిఫ్టు ఆగిపోతుంది, సంపులోకి మురుగు దిగుతుంది, మోటారు కాలిపోతుంది, షాకు కొడుతుందని కరెంటు కట్టేస్తారు. మోకాళ్లు అరిగిపోయిన మా అక్క ఆ నాలుగు అంతస్తులూ ఎలా ఎక్కి దిగాలి? వాడు ఆ ఆలోచనే చేయలేదు. వాణ్ని తప్పుపట్టను. ఫ్లాటు చూపించేవాళ్లెవరూ కింద ఆగనివ్వరు.

ఆ బస్తీ పేరు చివర 'కుంట' ఉంది. హైదరాబాద్‌లో పేర్లు అబద్ధం చెప్పవు. నల్లకుంట, మాసాబ్ ట్యాంక్, తలాబ్‌కట్ట: ఇవన్నీ ఒకప్పుడు నీళ్లున్న చోట్లు, లేదా నీటి గట్లు. ఈ నేల ఎగుడుదిగుళ్ల రాతి నేల. ఒక చెరువు నిండి అలుగు పారితే కింది చెరువు నిండేలా, చివరికి మిగిలింది మూసీలో కలిసేలా పెద్దలు గొలుసుకట్టుగా తవ్వించారు. చెరువులు పూడ్చి ఇళ్లు కట్టాం. వాలును మాత్రం ఎవరూ మార్చలేదు. అంబర్‌పేటలో మట్టి, చెత్త కింద కనబడకుండా పోయిన బతుకమ్మకుంటను 2025లో తవ్వుతుంటే నీళ్లు ఊరాయి. మనం చెరువు పోయిందనుకున్న చోట నీరు అడుగునే ఉంది.

1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచెత్తాకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ విషాదం తర్వాత కట్టినవే. ఆ రెండూ ఉన్నాయి కదా అని నది పక్కన నిశ్చింతగా ఉండలేమని 2025 సెప్టెంబరు చివర్లో మళ్లీ తేలింది. జంట జలాశయాల గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్లు వచ్చాయి. నది దాకా వెళ్లనక్కర్లేదు కూడా. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు చెరువుల కట్టలు తెగాయి, టోలీచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. ఆ కాలనీ పక్కనే చెరువుంది. ఇల్లు కొన్న రోజు ఆ సంగతి ఎంతమందికి పట్టి ఉంటుంది?

అందుకే మా వాడితో మొదట పేపర్ల జోలికి వెళ్లలేదు. మ్యాపు తెరిపించాను. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఒక్కో చెరువుకూ ఎఫ్‌టీఎల్ గీత గీసిన మ్యాపులున్నాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే హద్దు. ఆ హద్దు అవతల కూడా కట్టకూడని జాగా కొంత ఉంటుంది, దాన్ని బఫర్ అంటారు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. నాలాలకూ వాటి వెడల్పును బట్టి ఇలాంటి లెక్కే ఉంది. కొన్ని చెరువులకు తుది నోటిఫికేషన్ రాలేదు, ప్రాథమికం దగ్గరే ఆగింది. అలాంటి చోట గీత రేపు ఏ పక్కకు జరుగుతుందో చెప్పలేం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అన్న మూడక్షరాలు ఇంటింటి మాట అయ్యాయి గానీ, అవి అంతకు ముందూ నిబంధనల్లో ఉన్నవే. ఊరి నడిబొడ్డున చెరువులు ఎప్పుడో పోయాయి కాబట్టి ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పినా అక్కడ ఇళ్లే కనిపిస్తాయి. అలాంటి చోట సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లే దిక్కు. మూసీ వరద తర్వాత 1912–15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని వీధి వీధినా కొలిచి వేసిన మ్యాపులూ ఉన్నాయి. వందేళ్ల కిందట ఎవరో ఎండలో తిరిగి కొలిచిన కొలతలు ఇవాళ మనింటికి పనికొస్తున్నాయంటే నాకు వాళ్ల మీద ఎంతో గౌరవం కలుగుతుంది.

ఊరి మధ్యలో నీటి కన్నా నన్ను భయపెట్టేది నిప్పు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ అంటుకొని కనీసం తొమ్మిది మంది చనిపోయారు. కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ చేశారు. పైన కాపురాలున్నాయి. 2025 మే 18 తెల్లవారుజామున గుల్జార్‌హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన ఇళ్లు ఉన్న పాత భవనంలో పదిహేడు మంది పోయారు, అందులో పిల్లలు ఎనిమిది మంది. లోపలికీ బయటికీ దారి ఒక్కటే, అదీ ఇరుకు.

ఈ రెండూ విన్నాక నేను ఏ ఫ్లాటు చూడటానికి వెళ్లినా జేబులో టేపు పెట్టుకుంటున్నాను. సందు మొదట్లో కొలుస్తాను, మలుపులో కొలుస్తాను, కార్లు ఆపి ఉన్నప్పుడు మిగిలే దారి కొలుస్తాను. ఫైరింజన్ ఆ మలుపు తిరుగుతుందా? మెట్లు దిగుతూ చూస్తాను: చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు, గ్యాస్ బండలు మెట్ల మీద ఎన్ని ఉన్నాయి? టెర్రస్ తలుపుకు తాళం ఉందా, తాళంచెవి ఎవరి దగ్గరుంది? సెల్లార్‌లో కార్లున్నాయా, గోదాము ఉందా, బ్యాటరీలు చార్జింగ్ పెట్టే దుకాణం ఉందా? వీటికి ఏ ఆఫీసుకూ వెళ్లనక్కర్లేదు. ఒక అరగంట కళ్లు తెరిచి నడిస్తే చాలు. ఆ అరగంట మెట్ల మీద గడపకుండా ఎవరూ అడ్వాన్సు ఇవ్వొద్దని నా మనవి.

పేపర్ల సంగతికొస్తే, నాకు దెబ్బ తగిలింది అక్కడే. 2014లో మేం కొన్న ఫ్లాటుకు బ్యాంకు లోను వచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి పన్ను కడుతున్నాం. ఇంకేం కావాలనుకున్నాం. ఐదేళ్ల తర్వాత అమ్ముదామంటే, కొనేవాళ్ల లాయరు ఈసీ, అంటే ఆస్తి మీదున్న తనఖాలు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం, చూసి ఫోన్ చేశాడు. "సార్, మీ ఫ్లాటు మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్‌లో ఉంది, తెలుసా?" తెలియదు. ప్లాన్ ప్రకారం కడతానన్న హామీకి బిల్డరు కట్టడంలో పదో వంతు మున్సిపాలిటీ పేర తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే ఆ భాగం విడుదలవుతుంది. మాది ఆ పదో వంతులోది. అనుమతికి మించి ఒక అంతస్తు లేపినందువల్ల ఓసీ రాలేదు. ఓసీ రాదు కాబట్టి తనఖా వదలదు. మేం ఈసీ తీసింది ఫ్లాటు నంబరు మీదే. స్థలం మీద, అంటే సర్వే నంబరు, హద్దుల మీద కూడా తీసి ఉంటే ఆ ఎంట్రీ మొదటి రోజే కనబడేది. బిల్డరు ఫోనెత్తడం మానేశాడు. మా ఆవిడ పద్నాలుగు నెలల పాటు ఒక ప్లాస్టిక్ ఫైలు పట్టుకొని కౌంటరు కౌంటరూ తిరిగింది. ఆ ఫైలు అట్ట అంచులు నలిగి తెల్లబడిపోయాయి, ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

కాబట్టి శాంక్షన్ ప్లాన్ అడిగి, అందులోని అంతస్తులు ఎన్నో, బయట నిలబడి లెక్కపెడితే ఎన్నో చూసుకోండి. 'పెంట్‌హౌస్, రేటు తక్కువ' అన్నారంటే చాలావరకు అది ప్లాన్‌లో లేని అంతస్తే. 'బీఆర్ఎస్ కట్టేశాం' అంటూ అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు పెట్టిన 2015 నాటి దరఖాస్తు రసీదు చూపిస్తే, అది దరఖాస్తు పెట్టినట్టే గానీ అనుమతి వచ్చినట్టు కాదు. మీ వాటాకు ఎన్ని గజాలు రాశారో చూడండి. ఆరు వందల గజాల జాగాలో ఇరవై ఫ్లాట్లుంటే సగటున ముప్పై గజాలు రావాలి. అందరి డాక్యుమెంట్లలోని గజాలు కలిపితే జాగాను మించిపోతే ఎవరో మోసపోయారు. ముప్పై ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్ కొనేవాళ్లకు మరీ ముఖ్యం, ఎందుకంటే రేపు అది కూల్చి మళ్లీ కడితే మిగిలేవి ఆ గజాలే. లింకు డాక్యుమెంట్లలో ఎక్కడైనా అర్బన్ సీలింగ్ మిగులు భూమి, వక్ఫ్, ఇనాం అన్న మాట తగిలితే అక్కడ ఆగి, సొంత లాయరుకు డబ్బిచ్చి చదివించండి. రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో వెతికించండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు భద్రత. మన బతుకు భద్రత చూడటం ఆయన పని కాదు.

రియల్ ఎస్టేట్ చట్టం రెరా ఉంది కదా అంటారు. మంచి చట్టమే. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది, కట్టడంలో లోపం బయటపడితే ఐదేళ్ల దాకా బిల్డరుదే పూచీ అంటుంది. కానీ తెలంగాణలో అది 2017 జనవరి 1 నుంచి అనుమతి పొందిన ప్రాజెక్టులకు. హిమాయత్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో పాతికేళ్ల ఫ్లాటు చేతులు మారుతుంటే రెరా అక్కడికి రాదు. ఊరి మధ్యలో మధ్యతరగతికి అందుబాటులో ఉన్నవి చాలావరకు అవే.

నా కోపం ఇక్కడే. ఎఫ్‌టీఎల్ గీత ఒక ప్రభుత్వ సంస్థ దగ్గరుంది. తనఖా, ఓసీ, ప్లాన్ మున్సిపాలిటీ దగ్గరున్నాయి. ఈసీ, నిషేధిత జాబితా రిజిస్ట్రేషన్ శాఖ దగ్గరున్నాయి. రోడ్డు వెడల్పులో ఎన్ని అడుగులు పోతాయో మాస్టర్ ప్లాన్‌లో ఉంది. అంటే మనం కొనే ఇంటి మంచిచెడ్డలు ప్రభుత్వానికి ముందే తెలుసు. తెలిసీ, లక్షల్లో స్టాంపు డ్యూటీ తీసుకొని, మౌనంగా ముద్ర వేస్తుంది. తర్వాత పదేళ్లకో పదిహేనేళ్లకో వేరే శాఖ వచ్చి నోటీసు అంటిస్తుంది. రిజిస్ట్రేషన్‌కు ముందు ఈ వివరాలన్నీ ఒక్క కాగితం మీద, తెలుగులో, కొనేవాడి చేతికి ఇచ్చి సంతకం తీసుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదనే నా నమ్మకం. ఇళ్లు సొంతంగా కట్టుకున్న మా నాన్న తరం పునాది తవ్వుతుంటే పక్కన నిలబడి ఎర్రమట్టో నల్లమట్టో, ఊట ఉందో లేదో కళ్లారా చూసింది. ఫ్లాటు కొనేవాడికి అందరికన్నా ఆఖర్న, రంగు ఆరిపోయాక తాళాలు చేతికొస్తాయి. వాడికి తెలియనిదంతా తెలిసినవాళ్లు చెప్పాలి.

మా వాడు ఆ ఫ్లాటు వదిలేశాడు. అడ్వాన్సు ఇవ్వలేదు కాబట్టి పోయిందేమీ లేదు. పోయిన వారం ఇంకొకటి చూశాం, మెట్ట మీద, అరవై అడుగుల రోడ్డుకు రెండో ఇల్లు. ఈసారి వాడే లిఫ్టు ఎక్కకుండా కింద ఆగాడు. ట్యాంకర్ల ఖర్చు ఎంతవుతోందో చూద్దామని అసోసియేషన్ వాళ్లనడిగి ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ పుస్తకం తిరగేశాడు. సెల్లార్ గోడ చుట్టూ చెయ్యి రాస్తూ నడిచాడు. మళ్లీ వానపడ్డ రాత్రి ఒకసారి వచ్చి చూస్తామని ఓనరుతో చెప్పాడు. ఓనరుగారు ఒక్క క్షణం ఆలోచించి, "రండి, వానలో రండి, పర్లేదు" అన్నారు.