తరగతిలో పరిశోధనము

మా పాఠశాలలో వారమునకు రెండుమారులు పుస్తకములు మూయించి, చిన్న కాగితపు ముక్కలపై అయిదాఱు ప్రశ్నలకు సమాధానములు వ్రాయించుచున్నాము. వానికి మార్కులు వేయుట లేదు. ప్రోగ్రెస్ కార్డులో నెక్కించుటయు లేదు. పిల్లలు వీనిని స్లిప్పు టెస్టులందురు. తల్లిదండ్రులలో కొందఱు మమ్ము సూటిగనే యడిగిరి: "మార్కులు లేని పరీక్ష యెందుకండీ? ఆ కాలములో నింకొక పాఠము చెప్పరాదా?" న్యాయమైన ప్రశ్నయే. బిడ్డల కాలమును మేమేల యిట్లు వెచ్చించుచున్నామో చెప్పవలసిన బాధ్యత మాపై నున్నది.

పాఠము ముగించి "తెలిసినదా?" యని యడిగినచో తరగతి యంతయు నొక్క గొంతుకతో "తెలిసిందండీ" యనును. ఆ కేకలో తెలిసినవాని గొంతుకకును తెలియనివాని గొంతుకకును భేద ముండదు. సాయంకాలము ఇంటివద్ద బాలుడు నోట్సులోని ప్రశ్నోత్తరములను బిగ్గరగా పదిమారులు చదువును. వంటయింటినుండి వినుచున్న తల్లి సంతసించును. పరీక్షనాడు ఆ బాలుడే కలము పట్టుకొని పైకప్పు చూచుచుండును. అపుడు వానిని సోమరి యందుము, తెలివితక్కువవా డందుము. పదిమారులు చదివినవాడు సోమరి యెట్లగును? లోపము వాని బుద్ధిలో గాక వాడు చదివిన విధమున నున్నదేమో యని విచారింపవలదా?

ఇట్లు విచారించినవారు లేకపోలేదు. జర్మను దేశీయుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల వరుసలను తానే వల్లించి, తానే మఱచి, మఱల నేర్చుటకు ఎంత కాలము పట్టునో లెక్కించి 1885లో గ్రంథముగా ప్రకటించెను. ఒక దినము గడచిన పిమ్మట మఱల నేర్వబోగా, మొదటి శ్రమలో మూడవవంతు మాత్రమే ఆయనకు కలిసివచ్చెను. అర్థములేని వరుస వేఱు, అర్థముగల పాఠము వేఱు. అయినను మఱపు మొదటి గంటలలోనే మిక్కిలి వడిగా సాగునన్న సంగతి యుపాధ్యాయునికి విలువైనదే.

1939లో హెర్బర్ట్ స్పిట్జర్ అను నాతడు అమెరికాలోని అయోవా రాష్ట్రములో ఆఱవతరగతి పిల్లలు 3,605 మందితో చేసిన పరీక్ష మాకు మిక్కిలి ప్రియమైనది. ఆయన వారిచేత వెదురును గూర్చియు వేరుసెనగను గూర్చియు వ్యాసములు చదివించెను. (మన పిల్లలకు వేరుసెనగ యనిన చదువుటకంటె నములుటయే ముందుగా జ్ఞప్తికి వచ్చును.) కొందఱిని చదివిననాడే ప్రశ్నించిరి, కొందఱిని కొన్ని దినములకు, కొందఱిని మూడువారములకు గాని ప్రశ్నింపలేదు. సరియైన సమాధానము లెవ్వరికిని చెప్పలేదు. అయినను చదివిననాడే యొకమారు జ్ఞప్తికి తెచ్చుకొనినవారికి వారములు గడచినను చాల భాగము నిలిచెను. మూడువారములవఱకు ఎవ్వరును ప్రశ్నింపనివారికి అప్పటికే చాల భాగము జాఱిపోయెను.

అమెరికాయందే 2006లో రోడిగర్, కార్పికె యను నిరువురు కళాశాల విద్యార్థులతో నిట్టిదే చేసిరి. ఒక జట్టువారు ఒక గద్యభాగమును రెండుమారులు చదివిరి. ఇంకొక జట్టువారు ఒకమారు చదివి, రెండవమారు చదువుటకు బదులు జ్ఞప్తి యున్నంత కాగితముపై వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత అడుగగా రెండుమారులు చదివినవారిదే పైచేయి: వారికి నూటికి 81, వ్రాసినవారికి 75. వారము దినముల తరువాత అడుగగా తాఱుమాఱయ్యెను: చదివినవారికి 42, వ్రాసినవారికి 56. మరల మరల చదివినవారే తమకు ఎక్కువ జ్ఞప్తి యుండునని ముందుగా అంచనా కట్టిరని వారి రెండవ పరీక్షలో తేలినది. పదిమారులు చదివి పైకప్పు చూచు మన బాలుని చరిత్ర యంతయు నిందులో నున్నది. వానిని మోసగించినది వాని చదువే. చదువుచున్నపుడు ప్రతివాక్యమును పరిచితముగనే తోచును. పరిచయమును వాడు జ్ఞానమని నమ్మెను.

అయితే పరదేశమున కళాశాల విద్యార్థులయందు నిజమైనది మన యూరి యెనిమిదవతరగతిలో నిజమగునా? ఈ సందేహము లేని యుపాధ్యాయునికంటె ఉన్న యుపాధ్యాయునే మేము గౌరవింతుము. ఇల్లినాయి రాష్ట్రములోని కొలంబియా యను చిన్నయూరి పాఠశాలలో పరిశోధకులును ఉపాధ్యాయులును కలసి చేసిన పని, దీనిని తీర్చుకొను త్రోవ చూపినది. వారు తరగతిని రెండుగా చీల్చలేదు. అదే పిల్లలు, అదే పాఠము. పాఠములోని కొన్ని యంశములను మాత్రము చిన్నప్రశ్నలుగా మరల మరల అడిగిరి, తక్కినవానిని అడుగలేదు. అధ్యాయాంతమున పెట్టిన పరీక్షలో, అడిగిన యంశములు పిల్లలకు మెఱుగుగా వచ్చెను.

దీనికి యంత్రములు వలదు, ధనము వలదు. సామాన్యశాస్త్రపు పాఠములో ఇరువది యంశములున్నవనుకొందము. చీటీలు వేసి పది తీయవలెను. మన కిష్టమైనవానిని ఏఱుకొనరాదు, ఏలయన తెలియకయే సులువైనవానిని ఏఱుకొందుము. ఆ పదింటిని రెండుదినములకు, వారమునకు స్లిప్పులలో అడుగవలెను. మిగిలిన పదింటిని అంతే కాలము పుస్తకము తెఱపించి చదివింపవలెను. నెల గడచిన తరువాత ముందుగా చెప్పకుండ ఇరువదింటిని అడిగి, పేర్లు లేకుండ అంకెలు మాత్రము వేయించి, వేఱొక యుపాధ్యాయునిచేత దిద్దింపవలెను. తన పద్ధతి గెలువవలెనని యెవనికి నుండదు? ఆ కోరిక కంటికి పొరవంటిది.

ఏ సెక్షనుకు స్లిప్పులు పెట్టి, బి సెక్షనుకు పెట్టక, రెంటిని పోల్చుట సులువుగా తోచును గాని అందు మోసమున్నది. ఏ సెక్షనుకు ఉదయము మొదటి పీరియడు. బి సెక్షనుకు మధ్యాహ్న భోజనము తరువాత. గెలిచినది స్లిప్పా, కునికిపాటు లేమియా?

ఒక తరగతిలో ఒకమారు తేలిన ఫలితమును పట్టుకొని దండోరా వేయుటయు తగదు. ఇందుకు మన సమీపముననే దృష్టాంతమున్నది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలకు అధికారియైన ఆండ్రూ బెల్ అను క్రైస్తవ గురువు, ఒక మలబారు బడిలో పిల్లలు నేలపై గూర్చుండి ఇసుకలో అక్షరములు దిద్దుట చూచెను. మన వీధిబడులలో నోనమాలు దిద్దినట్లే. తన బడిలోను అట్లు చేయింపబోగా, క్రింది యుపాధ్యాయుడు అది కాని పనియనెను. బెల్ ఆ పనిని ఎనిమిదేండ్ల విద్యార్థికి అప్పగించి చేసి చూపెను. 1797లో దానిని "ప్రయోగ"మని పేరుపెట్టి ప్రకటించెను. కన్నులు తెఱచి చూచుట, చేసి పరీక్షించుట: అంతవఱకు మిక్కిలి మెచ్చదగినది. తరువాత పిల్లలచేతనే పిల్లలకు చెప్పించు ఆ పద్ధతిని ఇంగ్లండునందంతట ఒకే యచ్చులో పోసిరి. అది కొన్ని దశాబ్దములకే వాడుకనుండి జాఱిపోయెను.

ఇక మిషను అధికారులకును హెడ్మాస్టరుగారికిని ఒక మనవి. మన తెలుగు బడులలోనే జరిగిన పరిశోధన మొకటి కలదు. అవిభక్త ఆంధ్రప్రదేశములోని గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో పిల్లలను పరీక్షించి, ఎవరెక్కడ వెనుకబడిరో ఉపాధ్యాయులకు నివేదికలిచ్చి, సలహాలు వ్రాసియిచ్చి, తరగతులకు వచ్చి చూచుచుండిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గార్లు దీని ఫలితములను 2010లో ప్రకటించిరి. ఎవరైన వచ్చి చూచుచున్నపుడు ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధతో చెప్పిరి. పిల్లల చదువు మాత్రము తక్కిన బడుల పిల్లలకంటె ఏమియు మెఱుగు కాలేదు! పిల్లల యభివృద్ధినిబట్టి ఉపాధ్యాయులకు బహుమానపు సొమ్ము నేర్పఱచిన బడులలో మాత్రము, నివేదికలు పనికివచ్చినవని చెప్పిన యుపాధ్యాయుల శిష్యులు మెఱుగుగా నుండిరి.

సొమ్మే మార్గమని కొంద ఱనవచ్చును. మా యభిప్రాయ మది కాదు. పైనుండి దిగిన కాగితమును వాడుకొనుటకు ఉపాధ్యాయునికి ఒక కారణము కావలెను. తానే వేసికొనిన ప్రశ్న యన్నిటికంటె బలమైన కారణము. కనుక ఇన్‌స్పెక్షనులు పెంచుటకంటె, పక్షమునకొక పీరియడు మాకు విడిచిపెట్టుడు. ఒక విషయము చెప్పు ఉపాధ్యాయులము కలసి కూర్చుండి, పిల్లల స్లిప్పులు ముందఱ పఱచుకొని, ఏ ప్రశ్న ఎందఱికి రాలేదో, ఏల రాలేదో మాటలాడుకొందుము. ఆ ఫలితములనుబట్టి ఏ యుపాధ్యాయుని మంచిచెడ్డలు నిర్ణయింపరాదు. నిర్ణయించిననాడు స్లిప్పులన్నియు సులువైన ప్రశ్నలతో నిండును.

మార్కులు వేయకపోవుటకును కారణ మిదే. మార్కున్నచో పిల్లవాడు ప్రక్కవాని కాగితము చూచును. లేనిచో తనకు రానిది తానే చూచుకొనును. వెంటనే పుస్తకము తెఱచి సరిచూచుకొనుటకు అయిదు నిమిషము లిచ్చుచున్నాము. ఆ అయిదు నిమిషములలో వారు చదువు చదువు, సాయంకాలపు గంటసేపటి గట్టిచదువుకంటె నిశితముగా నుండుట చూచుచున్నాము.

ఇంటివద్దను ఇది సాధ్యమే. తమకు చదువు రాదుగదా, బిడ్డ కేమి సాయపడగలమని కొందఱు తల్లులు చింతింతురు. అమ్మలారా, బిడ్డ చదివిన తరువాత ఆ పుస్తకమును మీ చేతికి తీసికొని మూసి పట్టుకొనుడు. "ఇప్పుడు నాకు తెలియునట్లు చెప్పు" మనుడు. వాడెక్కడ తడబడునో పట్టుకొనుటకు అక్షరములు రానక్కఱలేదు. వాడు తడబడినచోట పుస్తకము వానికిచ్చి, చూచుకొనిన పిమ్మట మరల మూయుడు. రెండుదినముల తరువాత అదే మఱల అడుగుడు. స్లిప్పులన్నియు తరగతివారీగా కట్టలు కట్టి భద్రపఱచియున్నాము. చూడగోరిన తల్లిదండ్రులు పనిదినములలో ఎప్పుడు వచ్చినను చూపుదుము.