ఊరి రేడియోకు వార్తల ఆంక్ష ఎందుకు?

జహీరాబాద్ దగ్గరి మాచునూరులో 2008లో సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియో మొదలైనప్పుడు మైకు పట్టింది దళిత మహిళలే. జొన్నచేల ముచ్చట్లు, పొలం పనుల్లో పాడుకునే పాటలు 90.4 ఎఫ్‌ఎంలో చుట్టుపక్కల ఊళ్లకు వినిపించాయి. కమ్యూనిటీ రేడియోలో కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారుకావాలన్న కేంద్రం నిబంధన మేలైనది. సినిమా పాటలతో గంటలు నింపేసే సులువు దారికి అది అడ్డుకట్ట. గట్టిగా అమలు చేయాలి. కానీ సొంతంగా వార్తలు చెప్పకూడదన్న ఆంక్ష దేనికి? వాన కబురు చెప్పవచ్చు. గ్రామసభలో సర్పంచిని ఎవరు ఏమని నిలదీశారో చెబితే మాత్రం చిక్కే. వార్తలు కావాలంటే ఆకాశవాణి వార్తలనే వినిపించాలి. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. కేంద్రం ఈ ఆంక్షను ఇకనైనా ఎత్తేయాలి.